అమ్మ చూడని రెండర్రలు

మా అమ్మ చనిపోవడానికి తొమ్మిది నెలల ముందే, ఆమె చనిపోయిందని నేను ఒకావిడతో చెప్పాను. అలా చెప్పమని నాకెవరూ నేర్పలేదు. బెదిరించి చెప్పించిందీ కాదు. ఒక పెద్దామె అడిగింది, నేను ఔనన్నాను. అప్పుడు నాకు పదమూడేళ్లు. మంచీ చెడూ తెలియని వయసేమీ కాదు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. చిన్నప్పటి నుంచి రోజూ రెండు ముక్కలైనా రాసుకునే అలవాటున్నదాన్ని, ఆ పుస్తకంలో కూడా రాయలేదు. ఆ రోజు కింద "ఇల్లు దొరికింది. రెండు గదులు. తూర్పుకు కిటికీ" అని మాత్రమే ఉంది, అదీ మరాఠీలో.

పోయిన నెల మేము వికారాబాద్‌లో ఇల్లు మారాం. నేను ఇక్కడి ఆడపిల్లల బడిలో చిన్న తరగతులకు చదువు చెబుతున్నాను. నాయన పని మానేసి నా దగ్గరే ఉంటున్నాడు. సామాను సర్దుతుంటే, షోలాపూర్ నుంచి మా వెంట వచ్చిన నల్ల ట్రంకుపెట్టె అడుగున, పాత చద్దరులో చుట్టిన పింగాణీ గ్లాసు ఒకటి దొరికింది. తెల్లటిది, అంచుకు నీలం గీత. ఒకచోట పెచ్చు లేచి లోపలి ఇనుము నల్లగా కనిపిస్తుంది. అది అమ్మ గ్లాసు. దాంట్లో ఇంకెవరమూ నీళ్లు తాగేవాళ్లం కాదు. అమ్మే దాన్ని వేరుగా కడిగి, పై గూట్లో వేరుగా బోర్లించేది. నేను ముట్టుకోబోతే దూరం నుంచే వద్దని చెయ్యి ఊపేది. దవాఖానకు ఆమె వెంట పోవలసిన గ్లాసు పొరపాటున మా పెట్టెలో ఉండిపోయింది. ఇన్నేళ్ల తరవాత దాన్ని నాయన చేతిలో పెడితే, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని యాడ పెడ్తవ్?" అన్నాడు. మళ్లీ చద్దరులో చుట్టి పెట్టెలోనే పెట్టాను. ఆ రోజు నుంచి తాండూరులో మేమున్న రెండు గదులు, అక్కడివాళ్ల మాటలో అర్రలు, కళ్లలో తిరుగుతున్నాయి.

షోలాపూర్‌లో మాది మిల్లు వెనక చాళ్‌లో, కూలీల వరస గదుల్లో, ఒక్క గది. మా తాత బొంరాస్‌పేట దిక్కు పల్లె నుంచి కరువుకు బతకబోయి అక్కడి మిల్లులో చేరాడట. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. తెల్లవారకముందే మిల్లు భోంగా కూసేది, ఆ కూతతోపాటే చాళ్ మొత్తం స్టవ్వుల కిరసనాయిలు వాసన. అమ్మ అదే మిల్లులో నూలు చుట్టే ఖాతాలో పదేళ్లు పనిచేసింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె కనురెప్పల మీద తెల్లటి నూగు ఉండేది. తడి కొంగుతో తుడుచుకుంటూ "ముసల్దాన్నయిన సూడు" అని నవ్వించేది. ఆ నూగు మెల్లగా దగ్గులోకి దిగింది. తరవాత దగ్గులో ఎరుపు కనిపించింది. వికారాబాద్ దగ్గర కొండ మీద దవాఖాన ఉంది, అక్కడి గాలి రొమ్ముకు మంచిది అని షోలాపూర్ డాక్టరు చెప్పాడు. నాయన తెలిసినవాళ్లకు జాబులు రాసి, తాండూరులో ఒక నాపరాళ్ల డిపోలో గుమస్తా పని కుదుర్చుకున్నాడు. అలా బొంబాయి రాష్ట్రం విడిచి హైదరాబాద్ రాష్ట్రానికి వచ్చాం. వాడి జంక్షన్ దాటాక ప్లాట్‌ఫారాల మీద అమ్ముకునేవాళ్ల కేకల్లో మరాఠీ వినబడడం మానేసింది. తాండూరు దగ్గర బండి ఆగినప్పుడు నాయన కిటికీలోంచి చూపించాడు, "గిదే ఇగ మనూరు" అని. పట్టాల పక్కన నీలంగా, బూడిదరంగుగా బండలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంగి చూసింది. "రాళ్లూరు. ఇల్లు సల్లగుంటది" అంది. ఆమె తాండూరును చూసింది అంతే, ఆగిన బండి కిటికీలోంచి, రెండు నిమిషాలు.

అమ్మను కొండ మీద చేర్చి మేమిద్దరం తాండూరుకు తిరిగి వచ్చాం. నాయనకు అబద్ధం రాదు. మొదటి ఇంటి యజమాని "ఎంతమంది ఉంటరు?" అనడిగితే, "ముగ్గురం. మా ఇంటామె కొండ మీది దవాఖానల ఉన్నది" అన్నాడు. ఆ చుట్టుపక్కల కొండ మీది దవాఖాన అంటే ఒక్కటే రోగం. నాయన మాట పూర్తి కాకుండానే ఆ యజమాని కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. రెండో ఇంట్లో ఒకామె మాకు తాగడానికి నీళ్లిచ్చిన ముంతను మేము వీధి మలుపు తిరగకముందే గోడకేసి కొట్టింది. ఆ చప్పుడు విని నాయన ఆగలేదు, ఇంకొంచెం గబగబా నడిచాడు. మూడో ఇంటికి మాకంటే ముందే కబురు చేరింది. రెండు రోజులు స్టేషన్ ముసాఫిర్‌ఖానాలో ఉన్నాం. నేను పేరు పలక మీది తెలుగు అక్షరాలను పక్కనున్న హిందీ అక్షరాలతో పోల్చుకుంటూ 'తాం' ఏదో 'డూ' ఏదో నేర్చుకున్నాను. నా చదువంతా మరాఠీలో జరిగింది. నా సొంత భాష చదవడం మొదలుపెట్టింది ఆ రేకు మీదే.

మూడో రోజు పొద్దున నాయన నన్నూ పెట్టెనూ స్టేషన్ వెనక ఒక రెండంతస్తుల ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టి, ఆ ఇంటివాళ్లకు ఒక మాట చెప్పించడానికి డిపో సేటు దగ్గరికి పోయాడు. ఆయన అటు పోగానే తలుపు తీసుకొని ఒక పెద్దామె బయటికి వచ్చింది. తెల్లచీర, చేతులు బోసి, దవడలో వక్క. ఆమె పేరు నర్సవ్వ. పల్లెలో పటేలింటి మనిషి, గొడవల రోజుల్లో అక్కడి ఇల్లు మూసి తాండూరు చేరింది. ఇవన్నీ తరవాత తెలిశాయి.

"ఎవరే నువ్వు? పెట్టె మీద దేవుని లెక్క కూసున్నవ్?"

కొత్తవాళ్ల ముందు నా నాలుక లేవదు, ఇప్పటికీ అంతే.

"మూగదానివా ఏంది?"

"కాదు."

"హమ్మయ్య. యాడికెళ్లొచ్చిన్రు?"

"షోలాపూర్."

"మీదర్రల కోసమా? మీ నాయినేడి?"

"డిపోకు పోయిండు."

"మరి మీ అమ్మేది?"

నేను నేల చూశాను. మెట్టు నాపరాయిది, నడిచి నడిచి నునుపు తేలింది. కండువా ముక్కుకు పెట్టుకున్న మనిషి, పగిలిన ముంత, మూసిన మూడో తలుపు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ మెట్టు మీద నిలబడ్డాయి.

"సచ్చిపోయిందా బిడ్డా?" అంది ఆమె, గొంతు తగ్గించి.

"ఔ."

అంతే. ఆమె ఇంకేమీ అడగలేదు. నా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయి జొన్నరొట్టె, కందిపప్పు పెట్టింది. "తల్లి లేని పిల్లను వాకిట్ల కూసోవెట్టి పోతడా? మొగోళ్లకు ఏం తెలుస్తది" అని నాయనను తిట్టింది. రొట్టె వేడిగా ఉంది. షోలాపూర్ విడిచాక అంత వేడిగా ఏదీ తినలేదు. కడుపు నిండేదాకా తిన్నాను, ఆ సంగతి నాకు బాగా గుర్తుంది. నాయన తిరిగి వచ్చేసరికి పెట్టె మేడమీదికి చేరింది. సేటు మాటకే ఇల్లు దొరికిందనుకున్నాడు. మెట్లెక్కుతూ నా చెవిలో, "దవాఖాన సంగతి అవ్వ కాడ తియ్యకు యమ్నా" అన్నాడు. నేను తలూపాను.

నా అబద్ధం ఆ ఇంట్లో అంతకాలం నిలవడానికి ఒక పద్ధతి కారణం. పటేలింటి ఆడమనిషి, అందులోనూ మొగుడు పోయినామె, పరాయి మగవాడితో ఎదురుపడి మాట్లాడదు. నర్సవ్వ ఏం చెప్పాలన్నా తలుపు వెనక నిలబడి నన్ను పిలిచేది.

"యమ్నా, మీ నాయినకు జెప్పు, మెట్ల మీద చెప్పులు ఇడవొద్దని."

మెట్ల కిందనే ఉన్న నాయన, "ఇడువనని జెప్పు యమ్నా" అనేవాడు.

"బీడీ తాగుతడా అడుగు."

"తాగనని జెప్పు."

"తాగనోళ్లు గూడ ఉన్నరా లోకంల?"

దానికి నాయన నవ్వు ఆపుకుంటూ, "ఉన్నరని జెప్పు" అనేవాడు. నేను నోరు తెరిచే పనే లేదు. తలుపుకూ మెట్లకూ మధ్య ఊరికే నిలబడితే చాలు, మాటలు నా మీదుగా దాటిపోయేవి. వాళ్లిద్దరూ ఎప్పటికీ సొంతంగా మాట్లాడుకోరు, అమ్మ ప్రస్తావన రాదు అన్న ధైర్యం నాకు వచ్చింది.

రెండు అర్రలు. కింద బండ, గోడలు బండ, పైకప్పుకూ పొడుగాటి బండలే. పొద్దున నేల కాళ్లకు చల్లగా తగిలేది. పొద్దుగూకాక గోడలు పగలు తాగిన ఎండను మెల్లగా బయటికి వదిలేవి. తూర్పు కిటికీ తీస్తే రాళ్లు చెక్కే వాళ్ల ఉలి చప్పుడు, దానితోపాటు సన్నటి పొడి. కింద నర్సవ్వ కందులు వేయించి ఇసుర్రాయి మీద పప్పు పట్టేది. ఆ మాడు వాసన మెట్లెక్కి మా చద్దర్లకు పట్టేది. రెండూ కలిపితే షోలాపూర్ గదికి రెండింతలు. నాలుగు గిన్నెలు, ఒక పెట్టె, రెండు చాపలు పెట్టాక కూడా ఇల్లంతా ఖాళీగా ఉండేది.

ఆ ఇంటిని సర్దింది నేను కాదు, అమ్మ. ప్రతి ఆదివారం ప్యాసింజర్ బండిలో వికారాబాద్ పోయి, కొంత దూరం టాంగా, కొంత దూరం నడక. అమ్మ వరండాలో మంచం మీద కొంగు నోటికి పెట్టుకొని కూర్చునేది. మేము దూరంగా బల్ల మీద. దగ్గరికి రానిచ్చేది కాదు. తన జ్వరం గురించి ఒక్క మాట చెప్పేది కాదు, ఇంటి గురించే అడిగేది.

"పొయ్యి ఏ గోడకున్నది?"

"దక్షిణం గోడకు."

"గట్లయితే పొగ కిటికీలకెళ్లి పోదు. ఇటు తిప్పు. ఉప్పుకుండ తడి తగలని మూలకు పెట్టు. కిటికీ కింద ఎంత జాగ ఉన్నది? నా మంచం పడ్తదా?"

మరుసటి ఆదివారానికి నేను జానలతో కొలిచి పోయాను. "పది జానలున్నది."

అమ్మ తన మంచాన్ని కొలుచుకుంది. ఒక్కో జానకు ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ. "ఎనిమిది. పడ్తది. రెండు జానలు మిగుల్తయి, నీ పుస్తకాలు పెట్టుకో. ఇంకోటి పెట్టకు గాడ." ఆ మాట మీద కిటికీ కింద పది జానల నేలను నేను రోజూ తుడిచి ఖాళీగా ఉంచేదాన్ని. వచ్చేటప్పుడు సీతాఫలం చెట్ల మలుపు దగ్గర వెనక్కి తిరిగేదాన్ని, అమ్మ చెయ్యి పైకెత్తేది. ఆ చెయ్యి కనిపించాకే కొండ దిగేదాన్ని.

నర్సవ్వ ఒకరోజు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి ఇల్లంతా చూసింది. "గీ పొయ్యి ఎందుకే గిట్ల తిప్పినవ్?"

"పొగ కిటికీలకెళ్లి పోతది."

"ఎవరు జెప్పిన్రు?"

"మా అమ్మ."

"తెలివిగల్ల మనిషి. పాపం, సంసారం జేసుకునే రాత లేకపాయె" అని కొంగుతో కళ్లొత్తుకుంది. తరవాత కిటికీ కింది ఖాళీ చూసి, "గీడ ఎందుకు ఇడ్చినవ్? పెట్టె పెట్టు, ఇల్లు ఇల్లు లెక్క కనవడ్తది" అంటూ నాతోపాటు వంగి ట్రంకుపెట్టెను అక్కడికి జరిపింది. ఆమె మెట్లు దిగేదాకా ఆగి నేను దాన్ని మళ్లీ వెనక్కి ఈడ్చాను. పెట్టె అడుగు బండ మీద కీచుమన్నప్పుడల్లా కింద వినబడుతుందేమోనని ఆగుతూ ఈడ్చాను. ఆమె వచ్చినప్పుడల్లా ఇదే తంతు.

శుక్రవారం శుక్రవారం నర్సవ్వ నన్ను కింద మెట్టు మీద కూర్చోబెట్టుకొని, తలకు నూనె పెట్టి, చిక్కు తీసి, జడ వేసేది. "షోలాపూర్ల దువ్వెన్లు దొరకవా?" అని ఎగతాళి చేసేది. ఆమె మోకాళ్ల మధ్య నా భుజాలు, ఆమె వేళ్లు నా మాడు మీద. అమ్మకు రోగం తెలిసినప్పటి నుంచి రెండేళ్లుగా నా తలను ఎవరూ ముట్టుకోలేదు. తల్లి లేని పిల్లకు దొరికేదంతా తల్లి ఉండగానే నేను తీసుకుంటున్నానని తెలుసు. తెలిసీ శుక్రవారం కోసం ఎదురుచూసేదాన్ని. నాకు అన్నిటికంటే సిగ్గు కలిగించేది అబద్ధం కాదు, ఈ ఎదురుచూపు. అలా నూనె పెడుతూనే ఒకరోజు అమ్మ పేరడిగింది. లచ్చుంబాయి అని చెప్పాను. ఆదివారాలు ఎక్కడికి పోతారని అడిగితే వికారాబాద్‌లో మేనత్త ఉందన్నాను. అప్పటి నుంచి మేనత్తకని ఒక డబ్బాలో కందిపప్పు పంపేది. అమ్మ ఆ పప్పు తిని, "ఎవరోగని మంచి మనిషి. నేనొచ్చినంక ఆమెకు చకిలాలు జేసి పెడ్త" అంది.

పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చే అమావాస్య. ముందురోజే నర్సవ్వ పైకి వచ్చి, "రేపు మీ అమ్మకు బియ్యమియ్యాలె. తొలి ఏడు తప్పొద్దు" అంది.

"నాయిన ఇస్తడు."

"మీ నాయినకేం యాదుంటది? పొద్దుగాల్నే డిపోకు పోతడు. కొడుకు లేకపోతే బిడ్డ ఇయ్యొద్దా? నువ్వు ఫికర్ జెయ్యకు, నేను జేపిస్త."

పొద్దున్నే చాటలో బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ ముక్క, చింతపండు, ఉప్పు, చిన్న గిన్నెలో నెయ్యి సర్దింది. ఇల్లిల్లూ తిరుగుతున్న అయ్యగారు తొందరలో ఉన్నాడు, మెట్టు మీదే కూర్చున్నాడు. ఎవరి పేరని అడిగితే మా నాయనమ్మ పేరు చెప్పాలని అనుకున్నాను. ఆమె పోయి చాలా ఏళ్లయింది, ఆమెకిస్తే పాపం లేదు. కాని నా నోరు ఎప్పటిలాగే ఆలస్యం చేసింది. "తల్లి. లచ్చుంబాయి" అని నర్సవ్వే చెప్పేసింది. అయ్యగారు ఆ పేరు పలికి నా అరచేతిలో నువ్వులు వేసి నీళ్లు పోశాడు, బొటనవేలి పక్కనుంచి వదలమన్నాడు. మూడుసార్లు వదిలాను. కొండ మీద అమ్మ ఆ వేళకు పాలు తాగుతూ ఉంటుంది. ఒక నువ్వుగింజ వేళ్ల సందున అంటుకొని ఎంత కడిగినా వెంటనే పోలేదు.

అమావాస్యని డిపో మధ్యాహ్నానికే మూశారు. నాయన వచ్చి తడి గడప ముందు ఆగాడు. తలుపు వెనక నుంచి నర్సవ్వ గొంతు: "యమ్నా, మీ నాయినకు జెప్పు. తల్లి పేరు మీద బియ్యమిప్పిచ్చిన. అడగకుండ జేసిన, తప్పనుకోవద్దని జెప్పు."

ఎప్పుడూ నా మీదుగా దాటిపోయే మాట ఆ రోజు దాటలేదు. నాయన విననట్టే నిలబడి నా వైపు చూశాడు. మొదటిసారి నేను నిజంగా చెప్పవలసి వచ్చింది.

"నాయినా, అమ్మ పేరు మీద బియ్యమిచ్చిన."

ఆయన గడప మీద చెదిరిన నువ్వులను చూశాడు. చెయ్యి తలుపు చట్రాన్ని పట్టుకుంది. ఒక్క మాట అంటే చాలు, మా పెట్టె మళ్లీ మెట్ల మీదికి వస్తుంది. "మంచి పని జేసిన్రని అవ్వకు జెప్పు" అన్నాడు. పైకి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు, గుమ్మడికాయ కూర ముట్టలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పటికీ అంతే. ఆదివారం అమ్మ, "పెత్రమాసకు మీ నాయినమ్మకు బియ్యమిచ్చిన్రా?" అనడిగితే, "ఇచ్చినం" అన్నాను.

దీపావళి పోయాక డాక్టరుగారు నాయనను పక్కకు పిలిచారు. ఊపిరితిత్తి మీద మచ్చ తగ్గింది, గాలి వచ్చే గది, వేరే కంచం, వేరే గ్లాసు ఉంటే ఇంటికి తీసుకుపోవచ్చు అన్నారు. గాలి వచ్చే గది మాకు ఉంది. కిటికీ కింద పది జానల ఖాళీ ఉంది. నాయన చేతులు నలుపుకుంటూ, "చలి పోనియ్యిన్రి సార్" అన్నాడు. అమ్మ వరండా నుంచి విన్నది. "చలి పోనియ్యి, గంతే గద" అని, మామిడికాయ తొక్కు జాడీ ఎక్కడ పెట్టావని నన్నడిగింది.

ఆ తరవాత నాయన వేరే ఇంటి కోసం తిరగని సందు లేదు. ఇంత మంచి అర్రలు ఎందుకు విడుస్తున్నావని అందరూ అడిగారు. నర్సవ్వకు నిజం చెప్పేద్దామని ఒకనాడు సాయంత్రం మెట్లు దిగాడు, వెనక నేను. తలుపు వెనక ఆమె నిలబడిన అలికిడి వినిపించింది.

"యమ్నా, అవ్వకు జెప్పు..." అని ఆగాడు.

"ఏందో జెప్పుమను" అంది నర్సవ్వ.

నేను ఆయన చేతిని గట్టిగా పట్టుకున్నాను. చెప్పమని పట్టుకున్నానో, వద్దని పట్టుకున్నానో నాకిప్పటికీ తెలియదు.

"కిటికీ రెక్క బిగుసుకపోయింది. వడ్లాయినను తోలుకొస్తనని జెప్పు."

"గింతదానికేనా? తోలుకరమ్మను."

ఆ చలికి కొండ మీద అమ్మకు జ్వరం తిరగబెట్టింది. హోలీ పోయిన నాలుగు రోజులకు డిపోకు కబురు వచ్చింది. కొండ కిందనే దహనం చేసి మధ్యాహ్నం బండికి తిరిగొచ్చాం. నేను పెరట్లో బావి దగ్గర తల మీద నీళ్లు పోసుకుంటుంటే నర్సవ్వ చూసి, "గీ యాళ్ల తలకు పోసుకునుడేందే?" అంది.

"బండిల బొగ్గు మసి పడ్డది."

పెట్టెను కిటికీ కిందికి నేనే జరిపాను. మేము ఏడవలేదు. నా మాటతో జ్యేష్ఠంలోనే చచ్చిపోయిన మనిషి ఫాల్గుణంలో మళ్లీ చచ్చిపోలేదు కదా. శుక్రవారం నర్సవ్వ నూనె గిన్నె పట్టుకొని పిలిచింది. ఇంట్లో చావు మైల ఉండగా తలకు నూనె పెట్టుకోకూడదని, జడ వేసుకోకూడదని నాకు తెలుసు. పోయి ఆమె మోకాళ్ల మధ్య కూర్చున్నాను. "ఏందే, గిట్ల సన్నవడ్డవ్?" అంటూ జడ వేసి బొట్టు పెట్టింది. పదో రోజు కర్మ నాయన వికారాబాద్‌లో చేసి, డిపో పని మీద పోయానని చెప్పాడు. తొలి ఏడు పెత్రమాసకు బియ్యం ఇవ్వడం వల్ల మనిషి చనిపోతుందా అని ఇప్పుడు అడిగితే చనిపోదనే అంటాను. అప్పుడు మాత్రం చాలాకాలం ఆ అరచేతిని అన్నంలో పెట్టడానికి భయపడ్డాను.

ఇప్పుడు మా పక్క ఇంట్లో కోడలికి అదే జబ్బు. ఆమె ఇంట్లోనే ఉండి మాత్రలు మింగుతుంది, దవాఖాన నర్సు వచ్చి సూది ఇచ్చిపోతుంది. "మాత్ర ఏసుకున్నవా లేదా పొల్లా? మళ్ల మరిసినవా?" అని అత్త వాకిట్లోంచి అరిస్తే వీధంతా వింటుంది, ఎవరూ ముంతలు పగలగొట్టరు. వాళ్ల గోడవార గ్లాసులన్నీ ఒకే వరసలో బోర్లించి ఉంటాయి. ఆమెది ఏదో ఇంతవరకు నేను గుర్తుపట్టలేకపోయాను. సంతోషమే. అయినా ఆ వరస చూసినప్పుడల్లా తలుపు వేసుకొని లోపలికి వచ్చేస్తాను. నర్సవ్వ రెండేళ్ల కింద పోయింది. చివరి దాకా నన్ను తల్లి లేని పిల్లగానే చూసుకుంది. నిజం చెప్పి ఉంటే మమ్మల్ని బయటికి పంపేదా, లేక "తోలుకరా బిడ్డా" అనేదా? పంపేదే అనుకుంటే మా మీద జాలి కలుగుతుంది. తోలుకరమ్మనేది అనుకుంటే నిద్ర పట్టదు. అడగవలసిన మనిషి ఇప్పుడు లేదు.

ఒక్క ఆదివారం మిగిలింది. అమ్మను నేను ప్రాణంతో చివరిసారి చూసిన ఆదివారం. పక్క మంచంలోకి కొత్తగా ఒకామె వచ్చింది, తాండూరులో బండలు చెక్కేవాళ్ల ఇంటి మనిషి. ఆమె కోసం వచ్చిన ఆడవాళ్లిద్దరు దూరంగా ఇంకో బల్ల మీద కూర్చొని ఉన్నారు. నాయన డాక్టరుగారి దగ్గరికి పోయాడు. అమ్మ ఆ రోజు పొయ్యి గురించి, కిటికీ గురించి ఏమీ అడగలేదు. కొంతసేపు నా జడ వైపు చూసి, "మీ అవ్వ నీకు తల దువ్వుతదట గద?" అంది.

ఆ సంగతి నేను అమ్మకు ఎన్నడూ చెప్పలేదు.

"గా బల్ల మీదోళ్లు నిన్న జెప్పుకుంటుంటే విన్న" అంది, ఎవరిదో కథ చెబుతున్నట్టు. "నర్సవ్వ ఇంట్ల షోలాపూర్ పిల్ల ఉన్నదట. డిపో గుమస్తా బిడ్డ. తల్లి సచ్చిపోయిందట. ముసలామె కండ్లల్ల పెట్టుకోని సూసుకుంటున్నదట."

నేను నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

"నూనె మంచిగ పెడ్తదా?"

"పెడ్తది."

"జడ గట్టిగ ఏస్తదా?"

"ఏస్తది."

"మస్తు మంచిది" అంది అమ్మ. నిజంగానే అంది. ఆ ముఖంలో కోపం కోసం ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను, కనిపించదు. నాయన వచ్చాడు, బండి వేళ అయింది. ఆ రోజు సీతాఫలం చెట్ల మలుపు దగ్గర నేను వెనక్కి తిరగలేదు. అమ్మ చెయ్యి ఎత్తిందో లేదో నాకు తెలియదు. నేను బల్ల మీద నుంచి లేచినప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, అటువాళ్లకు వినబడకుండా అన్న మాట ఒక్కటే నాకు మిగిలింది.

"పోయేటప్పుడు ఎన్కకు తిరిగి సూడకు బిడ్డా. తాండూరోళ్లున్నరు."